ల్యాబ్ టైంలో షాపులో నిలబడుతున్న బిడ్డకు

ప్రశ్న: మేడం, మాది పరకాల దగ్గర పల్లె. కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ మొదటి సంవత్సరం, రెండో సెమిస్టర్ చదువుతున్నాను. బాపు నాలుగెకరాలు కౌలుకు తీసుకొని పత్తి వేస్తాడు. ఈసారి ఏరేముందు వానలు పడి పత్తి తడిసింది, ఎనుమాముల మార్కెట్లో ధర రాలేదు. తమ్ముడు ఇంటర్. హాస్టల్ మొదటి లిస్టులో నా పేరు రాలేదు, అందుకే కిషన్‌పురలో ముగ్గురం కలిసి రూం తీసుకున్నాం. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక చీరల షాపులో మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా పని చేస్తున్నా. నెలకు 7,500 ఇస్తారు. అందులో రూంకు 2,000, తిండికి 3,000, తమ్ముడి ఫీజుకు ఇంటికి 2,000 పోతాయి. చేరినప్పుడు టెన్త్ ఒరిజినల్ మెమో తీసుకున్నారు, మొదటి నెల జీతంలో సగం ఆపి పెట్టారు. మధ్యాహ్నం ల్యాబ్‌లు పోతున్నాయి. హాజరు 58 శాతమే ఉందని డిపార్ట్‌మెంట్‌లో పిలిచి చెప్పారు. రోజంతా నిలబడి కాళ్లు వాస్తున్నాయి, పొద్దున క్లాసులో నిద్ర ఆగడం లేదు. ఇంట్లో మాత్రం ట్యూషన్లు చెబుతున్నానని చెప్పాను. మేము బీసీలం. స్కాలర్‌షిప్ ఎలాగూ టైంకు రాదని సీనియర్లు అంటే అప్లై చేయలేదు. షాపు వాళ్లు పొద్దున పదింటి నుంచి ఫుల్ టైం వస్తే 11,000 ఇస్తామంటున్నారు. ఒక సంవత్సరం చదువు ఆపి పని చేసి మళ్లీ చేరాలా? పని మానేస్తే నెల ఎలా గడవాలి? ఇంట్లో ఇంత కష్టం ఉంటే నేను స్వార్థంగా చదువుకుంటున్నానా అనిపిస్తోంది.

జవాబు: బిడ్డా, ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. పంట పోయిన ఏడాది ఇంటి నుంచి రూపాయి అడగకుండా తన కిరాయి తనే కట్టుకొని, తమ్ముడి ఫీజుకు డబ్బు పంపుతూ, రాత్రి పదింటికి రూంకు చేరి తెల్లారి మళ్లీ క్లాసుకు వెళ్తున్న పిల్ల స్వార్థపరురాలు ఎట్లా అవుతుంది? ఆ మాట నీకు ఎవరూ అనలేదు. నీకు నువ్వే అనుకుంటున్నావు. అది మనసులో పెట్టుకొని ఆలోచిస్తే ప్రతిసారీ నీ చదువే ఖర్చులా, షాపే ఆదాయంలా కనిపిస్తుంది. లెక్క తిరగబడేది అక్కడే.

నా అభిప్రాయం ముందే చెబుతా. చదువు ఆపొద్దు. ఈ షాపు మానెయ్యి. పని మాత్రం మానక్కర్లేదు. చదువుతూ పని చేయడం తప్పు కాదు, నీ ఇంటి పరిస్థితిలో అవసరం కూడా. కానీ ఏ పని అన్నదాని కంటే, ఆ పని నీ రోజులో ఏ గంటలను తీసుకుంటోంది అన్నది ముఖ్యం. ఈ షాపు సరిగ్గా నీ ల్యాబ్ గంటలను తీసుకుంటోంది. ఇక్కడ డబ్బు ఎంత వచ్చినా ఆ గంటలు తిరిగి రావు.

ఒకసారి కాగితం తీసి లెక్క వెయ్యి. రోజుకు ఏడున్నర గంటలు, నెలకు 26 రోజులు. మొత్తం 195 గంటలు. 7,500ను 195తో భాగిస్తే గంటకు 38 రూపాయలు. ఇక ఫుల్ టైం సంగతి: పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా అంటే పదకొండున్నర గంటలు, నెలకు 299 గంటలు. 11,000 అంటే గంటకు 37 రూపాయలు కూడా పడదు. నెల జీతం పెరిగినట్టు కనిపిస్తుంది, నీ గంట విలువ మాత్రం తగ్గుతుంది. డిగ్రీ పాసై ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదువుతున్న పిల్ల గంటకు 37 రూపాయలకు ఏడాది పాటు కట్టుబడి ఉండాల్సిన అవసరం లేదు.

వారం లెక్కలో నువ్వు 45 గంటలు పని చేస్తున్నావు. మన ఊళ్ల నుంచి అమెరికా వెళ్లి ఎఫ్-1 వీసా మీద చదివే పిల్లలకు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేసే వీలు లేదు. బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ చదివే విదేశీ విద్యార్థులకూ సెమిస్టర్ రోజుల్లో అదే 20 గంటల పరిమితి. వీసా మీద వచ్చినవాళ్లు చదువును పక్కన పెట్టొద్దని పెట్టిన హద్దు అది. మన దగ్గర నీకు ఎవరూ అలాంటి హద్దు గీయలేదు కాబట్టి నువ్వే గీసుకోవాలి. నా మాటైతే వారానికి 15 గంటలు. పరీక్షల నెలలో ఇంకా తక్కువ.

ఇప్పుడు హాజరు సంగతి. ఇది అన్నిటికంటే తొందరగా తేల్చాల్సింది. పరీక్ష రాయనివ్వాలన్నా, స్కాలర్‌షిప్ మంజూరు కావాలన్నా 75 శాతం హాజరు చూస్తారు. 58 అనగానే అంతా అయిపోయిందని భయపడకు. ఉదాహరణకు ఇప్పటికి 100 క్లాసులు జరిగి నువ్వు 58కి వెళ్లావనుకుందాం. ఇంకో 80 మిగిలి ఉండి, రేపటి నుంచి ఒక్కటీ వదలకుండా వెళితే 180కి 138 అవుతాయి, అంటే 76 శాతం దాటుతుంది. అదే ఇంకో రెండు వారాలు ఆలోచిస్తూ కూర్చుని పది క్లాసులు పోగొట్టుకుంటే 128, అంటే 71 శాతం దగ్గరే ఆగిపోతావు. మీ డిపార్ట్‌మెంట్‌లో అసలు సంఖ్యలు తెలుసుకొని ఇలాగే లెక్క వెయ్యి. హెడ్ దగ్గరకు నువ్వే వెళ్లు. మళ్లీ పిలిపించుకునేదాకా ఆగొద్దు. ఇంటి పరిస్థితి ఇది, షాపులో పని చేశాను, ఇప్పుడు మానేస్తున్నాను అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. పోయిన ప్రాక్టికల్స్‌లో ఏవి మళ్లీ చేయనిస్తారో అడుగు. ఇలాంటి పిల్లలను చాలామంది లెక్చరర్లు చూసే ఉంటారు. వాళ్లలోనూ కొందరు ఇలా చదివినవాళ్లే. చెప్పకపోతే మాత్రం నువ్వు నిర్లక్ష్యంగా తిరుగుతున్నావనే అనుకుంటారు.

ల్యాబ్ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. థియరీ పోతే నోట్స్ జిరాక్స్ తీసుకొని ఎలాగో గట్టెక్కవచ్చు. మిశ్రమంలోని పదార్థాలను వేరు చేసి చూసే టీఎల్‌సీ ప్లేటు మీద చుక్క పెట్టడం, కాలమ్ నడపడం, కరిగించి మళ్లీ స్ఫటికాలుగా తెచ్చి శుద్ధి చేసే రీక్రిస్టలైజేషన్‌లో ఎంత సాల్వెంట్ పోయాలో తెలుసుకోవడం జిరాక్స్ కాగితంలో రాదు. రేపు హైదరాబాద్‌లో ఏ ఫార్మా కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లినా నిన్ను అడిగేది ఇవే. చేత్తో చేసిన పిల్ల జవాబుకూ చదివి వచ్చిన పిల్ల జవాబుకూ తేడా వాళ్లకు రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. నువ్వు పోగొట్టుకుంటున్నది ఆ రెండు నిమిషాల బలం.

సంవత్సరం ఆపి మళ్లీ చేరడం గురించి అడిగావు. వద్దు. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి తెచ్చుకున్న సీటు అది. మధ్యలో ఆపితే తిరిగి చేరడానికి అనుమతులు, ఫీజులు, స్కాలర్‌షిప్‌లో అడ్డంకులు అన్నీ మొదటికి వస్తాయి. పైగా 11,000 ఇంటికి రావడం అలవాటయ్యాక, మళ్లీ ఆపి చదువుకుంటానంటే ఇంట్లో ఒప్పుకోవడం కష్టం. ఆడపిల్ల విషయంలో ఆ సంవత్సరంలో పెళ్లి మాట కూడా వస్తుంది. ఈ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. అదే నువ్వు ఆగకుండా వెళితే ఎం.ఎస్సీ. చివరి ఏడాదిలో ఉండగానే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయవచ్చు. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చి పరిశోధనలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 ఫెలోషిప్ ఇస్తారు. అది చాలా గట్టి పోటీ, వస్తుందని నీకు హామీ ఇవ్వలేను. కానీ ఆ గుమ్మం దాకా వెళ్లే హక్కును 11,000కు అమ్ముకోవద్దు.

సరే, నెల ఎలా గడవాలి?

నీ ఖర్చును మళ్లీ చూడు. 7,500 నీకు అవసరమైన మొత్తం కాదు, నీకు వస్తున్న మొత్తం మాత్రమే. రూం, తిండి కలిపి 5,000. వీటిని తగ్గించే దారి ఉంది, నువ్వు ఇంకా వెళ్లలేదంతే. క్యాంపస్ హాస్టల్ మొదటి లిస్టులో రాకపోతే అక్కడితో అయిపోలేదు. మధ్యలో ఉద్యోగాలొచ్చి, పెళ్లిళ్లై వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. వార్డెన్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, వారానికోసారి వెళ్లి ఖాళీ ఉందా అని అడుగుతూ ఉండు. దాంతోపాటు బీసీ సంక్షేమ శాఖ నడిపే ఆడపిల్లల కాలేజీ హాస్టల్‌కు కూడా అప్లై చెయ్యి. అక్కడ ఉండటానికీ తినడానికీ నువ్వు కట్టాల్సింది ఉండదు. ఇంటర్ నుంచి పీజీ దాకా చదివే పిల్లల మెస్ చార్జీని ప్రభుత్వం 2024 చివర్లో నెలకు 1,500 నుంచి 2,100కు పెంచింది. తిండి ఎట్లుంటుందోనని జంకకు, ఒకసారి వెళ్లి అక్కడుండే పిల్లలను అడిగి చూడు. హాస్టల్ దొరికిన రోజు నీ 5,000 అవసరంలో చాలా భాగం పోతుంది.

స్కాలర్‌షిప్ విషయంలో మీ సీనియర్లు చెప్పింది సగం నిజం. ఆలస్యం అవుతుంది, ఏళ్లు గడిచినా రాక పిల్లలు ధర్నాలు చేసిన సంగతి మనందరికీ తెలుసు. కానీ ఆలస్యంగా వచ్చేది కూడా అప్లై చేసినవాళ్లకే వస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అప్లికేషన్ లేకపోతే కోర్సు ఫీజు భారం మొత్తం నీ మీదే పడుతుంది. బీసీలకు ఊళ్లో ఉండేవాళ్లైతే కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షన్నర, పట్టణంలో ఉండేవాళ్లైతే రెండు లక్షలు పరిమితి. మీసేవలో ఆదాయ సర్టిఫికెట్‌కు పెట్టి, ఈ-పాస్ సైట్‌లో గడువు ఉందో లేదో ఈరోజే చూడు. గడువు చాలాసార్లు పొడిగిస్తుంటారు. ఒకవేళ దాటిపోయి ఉంటే కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో, బీసీ సంక్షేమ శాఖ ఆఫీసులో ఏం చేయవచ్చో అడుగు. రెండో సంవత్సరానికి మాత్రం అసలు వదలకు.

ఇక సంపాదన. నీ చేతిలో కెమిస్ట్రీ ఉంది బిడ్డా. హన్మకొండలో, ముఖ్యంగా నయీంనగర్, కిషన్‌పుర, నక్కలగుట్ట వైపు ఎన్ని ఇంటర్ కాలేజీలున్నాయో నీకు తెలుసు. నీట్‌కో, ఎప్‌సెట్‌కో చదివే పిల్లలకు సాయంత్రం స్టడీ అవర్‌లో డౌట్లు చెప్పేవాళ్లు కావాలి. ఇల్లు వదిలి రాలేని పదో తరగతి పిల్లలకు ఫిజికల్ సైన్స్, మ్యాథ్స్ చెప్పేవాళ్లు కావాలి. ముందు ఇళ్ల ట్యూషన్‌తో మొదలుపెట్టు. ఒకే ఇంట్లో, లేదా ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు పిల్లలు దొరికేలా చూసుకో. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా, ఇద్దరికీ కలిపి నెలకు 4,000 అడుగు. తగ్గించమంటే 3,500 దాకా రా, అంతకు దిగొద్దు. నెలకు 39 గంటలకు 4,000 అంటే గంటకు వంద పైన పడుతుంది. షాపులో వచ్చేదానికి రెండున్నర రెట్లు. అన్నిటికంటే పెద్ద లాభం వేరే ఉంది. ఇంటర్ పిల్లకు మోల్ కాన్సెప్ట్, ఆర్గానిక్ రియాక్షన్లు చెప్పడం మొదలుపెడితే నీ బేసిక్స్‌లో ఎక్కడ గుంతలున్నాయో నీకే తెలుస్తుంది. నెట్‌కు చదివేటప్పుడు అదే పనికొస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఆడవాళ్లు ఉండే ఇంట్లోనే చెప్పు, మొదటిసారి వెళ్లేటప్పుడు రూంమేట్‌ను వెంట తీసుకెళ్లు. డబ్బు నెల మొదట్లోనే తీసుకో, చివర్లో ఇస్తామంటే ఒప్పుకోకు. ఇంట్లో బాపుకు ట్యూషన్లు చెబుతున్నానని అన్నావు కదా, ఇక ఆ మాట నిజమే అవుతుంది.

షాపు పని నీకు అలవాటైంది కాబట్టి ఇంకో మాట. దసరా సెలవుల్లో, బతుకమ్మ ముందు రోజుల్లో చీరల షాపుల్లో మనుషులు చాలక తీసుకుంటారు. క్లాసులు లేని ఆ రోజుల్లో పది పన్నెండు రోజులు చేసుకో, తప్పు లేదు. చేరేముందు రోజు కూలి ఎంతో మాట్లాడుకో. ఏ కాగితమూ ఇవ్వకు.

ఆ కాగితం సంగతే ఇప్పుడు. టెన్త్ మెమో ఒరిజినల్ తీసి పెట్టుకోవడం ఏ యజమానికీ హక్కు కాదు. అది నీ పుట్టిన తేదీకి ఆధారం, ప్రతి దరఖాస్తుకూ కావాలి. మానేస్తున్నానని చెప్పేముందే మెమో చేతికి తెచ్చుకో. హాస్టల్‌కు, స్కాలర్‌షిప్‌కు అప్లై చేస్తున్నాను, ఒరిజినల్ చూపించాలి అని అడుగు. నోటితో అడిగిన రోజే వాట్సాప్‌లో కూడా మెసేజ్ పెట్టు, అది దగ్గర ఉంచుకో. మొదటి నెలలో ఆపిన సగం జీతం నీ డబ్బు, వాళ్ల డిపాజిట్ కాదు. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఎన్ని రోజులు చేశావు, ఎంత ఇచ్చారు, ఎంత ఆపారు అన్నది ఒక కాగితం మీద రాసుకో. ఫోన్‌పే ద్వారా వచ్చి ఉంటే ఆ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో. ఇవ్వకపోతే హన్మకొండలో లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడా ఇవ్వవచ్చు. లాయర్ సలహా కావాలంటే డబ్బు లేదని ఆగకు. 1987 న్యాయ సేవాధికార చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టులోనే ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. రాత్రి రూంకు వచ్చేటప్పుడు ఎవరైనా వెంటపడితే, షాపులో ఎవరైనా తేడాగా మాట్లాడితే 100కు చెయ్యి, షీ టీమ్స్ వస్తాయి. అలాంటిది ఉండి కూడా నువ్వు ఉత్తరంలో రాయలేదేమోనని ఈ మాట చెబుతున్నా.

కాళ్లు వాస్తున్నాయని రాశావు. ఇది చదివే షాపుల యజమానులను ఒకటి అడుగుతాను. కస్టమర్ లేనప్పుడు ఆ పిల్లలను కూర్చోనివ్వండి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పని చేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని చట్టంలోనే పెట్టాయి. గోడ పక్కన నాలుగు స్టూళ్లు వేయడానికి మన దగ్గర చట్టం దాకా ఎందుకు?

నీ తోటి మగపిల్లలు రాత్రుళ్లు బైక్ మీద ఫుడ్ డెలివరీ చేస్తుంటారు. వాళ్లకూ ఈ గంటల లెక్కే వర్తిస్తుంది. వాళ్లకు ఇంకో రెండు మాటలు చెప్పు. ఒకటి, బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన తీసుకోమను. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి రెండు లక్షలు వస్తాయి. రెండు, సొంత వాడకానికి చేయించిన బండి బీమాతో డెలివరీ చేస్తూ ప్రమాదం జరిగితే కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. బండి ఎక్కేముందే బీమా కంపెనీని అడిగి తెలుసుకోవాలి.

చివరగా ఇల్లు. తమ్ముడి ఫీజు నువ్వు మోస్తున్న సంగతి బాపుకు తెలియాలి, అందుకు నువ్వు ఏం చేస్తున్నావో కూడా తెలియాలి. షాపు అని తెలిస్తే తిడతాడనే భయం నాకు అర్థమవుతుంది. అయినా ఎవరో చౌరస్తాలో నిన్ను చూసి ఊళ్లో చెప్పేలోపు నువ్వే చెప్పడం మంచిది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఈ ఆదివారం పరకాల బస్సెక్కి వెళ్లు. ముందు అమ్మకు చెప్పు. షాపులో చేశాను, మానేస్తున్నాను, ఇకపై ట్యూషన్ డబ్బులే, హాస్టల్ దొరికేదాకా ఇంటికి 2,000 పంపలేను అని స్పష్టంగా చెప్పు. మూడు నాలుగు నెలలు ఆ 2,000 ఆగితే తమ్ముడి ఫీజు గురించి బాపు కాలేజీ వాళ్లతో మాట్లాడుకుంటాడు, వాయిదాల్లో కడతానంటాడు. ఆ మాట్లాడే పని పెద్దవాళ్లది. నీ భుజం మీద నుంచి దాన్ని దించు.

సోమవారం పొద్దున మొదట డిపార్ట్‌మెంట్‌కు, తర్వాత వార్డెన్ ఆఫీసుకు వెళ్లు. మెమో ఇవ్వకుండా షాపు వాళ్లు తిప్పుకుంటే ఆ రోజే నాకు మళ్లీ రాయి. లేబర్ ఆఫీసుకు, ప్రజావాణికి ఇచ్చే దరఖాస్తులో ఏమేం రాయాలో వరుసగా రాసి పంపిస్తాను.